రేసు సైకిలుపై దేహ భంగిమ – ఒక పరిశీలన

సైకిలు తొక్కడం మన జిల్లా విద్యార్థులకు కొత్త విద్య కాదు. కాలువ గట్ల మీద, చేల మధ్య డొంకల్లో, పెద్దల సైకిలు ఫ్రేములో కాలు దూర్చి నేర్చుకున్న విద్య అది. అయినప్పటికీ సన్నని టైర్లు, పొట్టేలు కొమ్ముల వలె వంపు తిరిగిన హ్యాండిలు గల రేసు సైకిలును మొదటిసారి ఎక్కినప్పుడు, తమకు సైకిలు తొక్కడమే రాదేమోనన్న సంశయం అనేకులకు కలుగుతుంది. పది కిలోమీటర్లు పోకముందే మెడ పట్టుకుంటుంది. భుజాలు బిగుసుకుంటాయి. అరచేతులు మొద్దుబారుతాయి. నడుములో ఎవరో మేకు దిగగొట్టినట్లుంటుంది.

ఈ స్థితిలో విద్యార్థులు సాధారణంగా రెండు మార్గాలలో ఒకదానిని అనుసరిస్తున్నారు. కొందరు ఇది మనకు పనికిరాని వాహనమని నిశ్చయించుకొని, తల్లిదండ్రులు కూడబెట్టిన ధనంతో కొన్న సైకిలును వసారాలో మూలకు చేరుస్తారు. మరికొందరు బాధపడనిదే విద్య రాదని తలచి, పళ్లబిగువున సహిస్తూ తొక్కి, కొన్ని నెలలకు చేతివేళ్లలో పట్టు తగ్గిందని వైద్యుని వద్దకు పోతారు. ఈ రెండు మార్గాలూ సరియైనవి కావు. కొత్త భంగిమ వలన కలిగే బాధలలో ఓర్చుకోదగినవి, ఓర్చుకోరానివి అని రెండు తెగలున్నాయి. ఆ భేదాన్ని గుర్తించడమే ఈ విద్యలో ప్రథమ పాఠమని మా అభిప్రాయం. ఆ విషయాన్నే ఈ వ్యాసంలో యథాశక్తి వివరించ ప్రయత్నిస్తాము.

పాత సైకిలు, కొత్త సైకిలు

నేటి సైకిలుకు మూలరూపం 1885లో ఇంగ్లాండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన ‘రోవర్’ వాహనం. దాని వెనుక చక్రాన్ని చైను తిప్పేది. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరును ప్రవేశపెట్టిన తరువాత సైకిలు సుఖవాహనమైంది. స్వాతంత్ర్యానంతరం మద్రాసు సమీపంలోని అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, సోనీపత్‌లో అట్లాస్, లూధియానాలో హీరో సంస్థలు వెలసి, మన పల్లెల దాకా సైకిలును చేర్చాయి.

మనం చిన్ననాటి నుండి ఎరిగిన ఆ నల్లని సైకిలులో హ్యాండిలు సీటుకన్న ఎత్తుగా ఉంటుంది. తొక్కేవారు కుర్చీలో కూర్చున్నట్లు నిటారుగా కూర్చుంటారు. శరీర భారంలో అధికభాగం సీటు మీదనే పడుతుంది. చేతులు హ్యాండిలును తిప్పడానికే గాని దేహాన్ని మోయడానికి కాదు. పాల క్యాన్లు, చేపల గంపలు, వడ్ల బస్తాలు మోయడానికి అట్టి నిర్మాణమే తగినది. నిదానంగా పోయే వాహనానికి నాలుగు దిక్కులూ చూడగలిగే భంగిమ కావాలి.

రేసు సైకిలు ఉద్దేశం వేరు. దీనిలో హ్యాండిలు సీటుకు సమానంగానో, అంతకన్న కొంత కిందుగానో ఉంటుంది. దూరం కూడా ఎక్కువ. కనుక మొండెం ముందుకు వాలుతుంది. భారంలో దాదాపు నలభై శాతం ముందు చక్రం వైపునకు చేరుతుంది. తుంటి వెనుకనున్న పెద్ద కండరాలు నిటారు భంగిమలో కన్న బలంగా పనిచేస్తాయి. గతుకులలో కలిగే కుదుపు వెన్నెముకకు నిలువుగా తగలక, కొంత చేతులకు, కొంత కాళ్లకు పంచబడుతుంది. అయితే వీటన్నిటికన్న ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది. అది గాలి.

గాలి చెప్పే లెక్క

గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని భౌతికశాస్త్ర తరగతిలో చదువుకున్నాము. నెల్లూరు నుండి ఇందుకూరుపేట మీదుగా మైపాడు సముద్రతీరానికి పోయే దారిలో ఈ సూత్రం కళ్లకు కట్టినట్లు కనబడుతుంది. దూరం దాదాపు 25 కిలోమీటర్లు. దారి పొడవునా చెప్పుకోదగిన ఎత్తు లేదు. ఇరుప్రక్కలా వరిచేలు, రొయ్యల గుంటలు. గాలికి అడ్డు నిలిచేది తక్కువ.

మధ్యాహ్నం దాటిన తరువాత సముద్రపు గాలి తూర్పు నుండి వీస్తుంది. మనం గంటకు 20 కిలోమీటర్ల వేగంతో మైపాడు వైపు పోతున్నామనుకుందాం. ఎదురుగాలి వేగం 15 కిలోమీటర్లయితే మన ఛాతీకి తగిలే గాలి వేగం 35 కిలోమీటర్లు. గాలి లేని వేళతో పోల్చితే నిరోధం మూడు రెట్లవుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెన్ను తడుతుంది. అప్పుడు తగిలే గాలి కేవలం 5 కిలోమీటర్ల వేగం గలది. నిరోధం పదహారవ వంతుకు పడిపోతుంది. వేసవి ఉదయాలలో పడమటి గాలి బలంగా ఉన్నప్పుడు ఈ లెక్క తారుమారై, పోయేటప్పుడు సుఖము, వచ్చేటప్పుడు కష్టము కలుగుతుంది.

వేగాన్ని తగ్గించుకోకుండా ఈ నిరోధాన్ని తగ్గించుకొనే ఉపాయం ఒక్కటే: గాలికి ఎదురు నిలిచే దేహ విస్తీర్ణాన్ని తగ్గించడం. నిటారుగా కూర్చున్నప్పటికన్న, మోచేతులు కొద్దిగా వంచి ముందుకు వాలినప్పుడు గాలి నిరోధం మూడవ వంతు వరకు తగ్గవచ్చు. 1989 టూర్ డి ఫ్రాన్స్ పందెంలో చివరి రోజున అమెరికా క్రీడాకారుడు గ్రెగ్ లెమాండ్, ఫ్రాన్సుకు చెందిన లారెంట్ ఫిన్యోన్‌ కంటే 50 సెకన్లు వెనుకబడి ఉన్నాడు. మిగిలినది 24.5 కిలోమీటర్ల ఒంటరి పరుగు. లెమాండ్ మోచేతులు ఆనించే కొత్త రకపు హ్యాండిలుపై దేహాన్ని కుదించి తొక్కి, మొత్తం పందెాన్ని 8 సెకన్ల తేడాతో గెలిచాడు. మూడు వారాల పందెాన్ని ఎనిమిది సెకన్లు తేల్చాయంటే భంగిమ విలువ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

అయితే ఆ క్రీడాకారుని భంగిమ మనకు ఆదర్శం కానక్కరలేదు. దూరప్రయాణీకుల పద్ధతిని చూడండి. ఆడాక్స్ ఇండియా ఆధ్వర్యంలో మన దేశంలో జరిగే యాత్రలలో 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాలలో, 600 కిలోమీటర్లను 40 గంటలలో పూర్తిచేయాలి. అట్టి యాత్రలకు పోయేవారిలో అనేకులు హ్యాండిలును మరీ కిందికి దించరు. గంటసేపు సాగే వేగం వేరు, పగలు రాత్రి సాగే ఓర్పు వేరు. ఎంత వంగగలమన్నది ప్రశ్న కాదు. ఎంత వంగి ఎంతసేపు సుఖంగా ఉండగలమన్నదే ప్రశ్న.

వంగవలసినది ఎక్కడ?

కొత్తవారు చేసే పొరపాటు ఇక్కడే ఉన్నది. హ్యాండిలు దూరంగా ఉన్నదని వారు నడుము వద్ద వంగుతారు. వీపు విల్లులాగా వంకర తిరుగుతుంది. కటి ఎముక మాత్రం పాత సైకిలు మీద ఉన్నట్లే నిటారుగా నిలిచి ఉంటుంది. అందని దూరాన్ని భుజాలు సాచి అందుకోవలసి వస్తుంది. ఫలితంగా భారం అంతా అరచేతులపై పడుతుంది. మెడ వెనుకకు విరుచుకుంటుంది. నిజానికి వంగవలసిన కీలు తుంటి. కటి ఎముక సీటు మీద ముందుకు దొర్లాలి. దానితోపాటు వీపు సమంగా వాలాలి.

దీనిని గ్రహించడానికి మన విద్యార్థులకు దూరం పోనవసరం లేదు. నమాజులో రుకూ చేసేటప్పుడు వీపు సమతలంగా ఉండాలనీ, తలను మరీ ఎత్తరాదు, మరీ దించరాదనీ చిన్ననాడే పెద్దలు నేర్పుతారు. ఆ వంపు తుంటి వద్ద కలిగేది. అలాగే మన పెన్నా డెల్టాలో నాట్లు వేసే స్త్రీలను గమనించండి. అనుభవజ్ఞురాలైన కూలీ మోకాళ్లను కొంచెం సడలించి తుంటి వద్ద వంగుతుంది. కొత్తగా చేలో దిగినవారు నడుము వంచి, గంటకే చేయి నడుముపై వేసుకొని నిలబడతారు. ఆరాధనను వ్యాయామంతో సమానం చేయడం గాని, కూలి కష్టాన్ని క్రీడగా భావించడం గాని మా ఉద్దేశం కాదు. దేహం ఎరిగిన ఒక మంచి వంపు మన చుట్టూ ఉన్నదని చెప్పడమే మా ఉద్దేశం.

ఇంటిలో చేయదగిన పరీక్ష ఒకటున్నది. చీపురు కర్ర వంటి తిన్నని కర్రను వెన్ను మీద నిలువుగా పట్టుకొని, తల వెనుక భాగం, భుజాల మధ్య భాగం, వెన్ను చివర – ఈ మూడు చోట్లా తగిలేటట్లు చూచుకోవాలి. మోకాళ్లు సడలించి ముందుకు వంగాలి. కర్ర మూడు చోట్లా తగులుతూనే ఉంటే తుంటి వంగుతున్నది. ఏదో ఒకచోట వదిలితే వెన్ను వంగుతున్నది. రోజుకు పదిసార్లు చొప్పున రెండు వారాలు అభ్యసిస్తే సీటు మీద కూడా అదే వంపు తనంతట తాను వస్తుంది.

ముందు యంత్రం, తరువాత దేహం

యంత్రాన్ని దేహానికి సరిపరచకుండా దేహాన్ని యంత్రానికి అలవాటు చేయబూనడం చెప్పుకు తగినట్లు కాలిని చెక్కుకోవడం వంటిది. సరిదిద్దవలసిన క్రమం ఇది.

మొదటిది సీటు ఎత్తు. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడండి. గట్టి అట్టగల పుస్తకాన్ని కాళ్ల మధ్య నిలువుగా ఉంచి, సీటు ఒత్తినంత గట్టిగా పైకి ఒత్తండి. పుస్తకం పై అంచు గోడను తాకిన చోట గుర్తు పెట్టి, నేల నుండి కొలవండి. ఆ కొలతను 0.883తో గుణిస్తే పెడళ్ల ఇరుసు మధ్య నుండి సీటు పైభాగం వరకు ఉండవలసిన ఎత్తు వస్తుంది. కాలి కొలత 80 సెంటీమీటర్లయితే సీటు ఎత్తు 70.6 సెంటీమీటర్లు. 1967లో హామ్లీ, థామస్ అనే ఆంగ్ల పరిశోధకులు మరొక విధంగా, కింది స్థానంలో ఉన్న పెడలు నుండి సీటు వరకు కాలి కొలతలో 109 శాతం ఉండాలని సూచించారు. అదే కాలికి అది 87.2 సెంటీమీటర్లు. పెడలు చేయి పొడవు 17 సెంటీమీటర్లనుకొని చూస్తే రెండు పద్ధతులకూ తేడా అర సెంటీమీటరు లోపే. ఇది ఆరంభపు కొలత మాత్రమే. పెడలు అడుగునకు చేరినప్పుడు మోకాలు 25 నుండి 35 డిగ్రీల వరకు వంగి ఉన్నదా, తుంటి అటూ ఇటూ ఊగకుండా ఉన్నదా అని స్నేహితుని చేత చూపించుకోవాలి.

రెండవది సీటు వాలు. సీటు నేలకు సమతలంగా ఉండాలి. ముక్కు కిందికి వాలితే దేహం ముందుకు జారి, చేతులు దానిని అనుక్షణం వెనుకకు నెట్టవలసి వస్తుంది. అరచేతి బాధలలో అనేకం ఇక్కడ పుట్టినవే. ముక్కు మరీ పైకి లేస్తే సున్నితమైన భాగాలపై ఒత్తిడి కలుగుతుంది.

మూడవది హ్యాండిలు. ఆరంభంలో దానిని సీటుతో సమానమైన ఎత్తున ఉంచడం ఉత్తమం. హ్యాండిలును పట్టి ఉంచే పొట్టి కమ్మీని స్టెమ్ అంటారు. దాని కింద ఉండే వలయాలను పైకీ కిందికీ మార్చి ఎత్తును సరిచేయవచ్చు. స్టెమ్‌ను తిరగవేసినా కొంత ఎత్తు వస్తుంది. అప్పటికీ దూరంగా ఉంటే ఒక సెంటీమీటరు పొట్టిదైన స్టెమ్‌ను అమర్చుకోవాలి. హ్యాండిలు అందడం లేదని సీటును ముందుకు జరపడం తప్పు; చేతి సమస్యను తీర్చబోయి మోకాలికి కొత్త సమస్యను తెచ్చుకున్నట్లవుతుంది. అందం కొరకు వలయాలను తీసివేసి, పైన మిగిలిన గొట్టాన్ని కోయించేవారున్నారు. కోసిన గొట్టం తిరిగి రాదు. మూడు నెలలు గడిచే వరకు ఆ పని తలపెట్టరాదు.

ఓర్చుకోదగిన బాధ, ఓర్చుకోరాని బాధ

ఇక ప్రధాన విషయానికి వస్తాము. మనిషి తల బరువు దాదాపు ఐదు కిలోలు. నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువును వెన్నెముక మోస్తుంది. ముందుకు వాలినప్పుడు మెడ వెనుక కండరాలు పట్టి ఉంచాలి. ఇంతవరకు ఈ పని ఎరుగని కండరాలు మొదటి వారాలలో నొప్పి పుట్టడం సహజం. తొడల వెనుక భాగం లాగడం, పొట్ట కండరాలు అలసిపోవడం, కూర్చునే ఎముకల వద్ద ఒరిపిడి – ఇవన్నీ ఇదే తెగకు చెందినవి. వీటి లక్షణం ఏమనగా రెండు ప్రక్కలా సమానంగా, మొద్దుగా ఉంటాయి. తొక్కిన మరునాడు కనిపించి రెండు మూడు రోజులలో తగ్గుతాయి. వారం వారం స్వల్పమవుతాయి. వీటిని ఓర్చుకోవచ్చు.

రెండవ తెగ వేరు. అరచేతిలో చిటికెనవేలి వైపు ఉల్నార్ నరం చర్మానికి దగ్గరగా పోతుంది. హ్యాండిలు అక్కడ ఒత్తితే చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతాయి. మణికట్టు వెనుకకు విరిగి ఉంటే మధ్యస్థ నరం నలిగి బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారుతాయి. సైకిలు తొక్కేవారిలో ఈ వ్యాధిని వైద్యులు 19వ శతాబ్ది చివరనే గుర్తించారు. నొప్పి లేదు గదా అని తిమ్మిరిని తేలికగా తీసుకోవడం ప్రమాదకరం. అట్లే సీటు ఒత్తిడి వలన సున్నిత భాగాలలో కలిగే మొద్దు, మోకాలిలో ఒకేచోట సూదిలా గుచ్చే పోటు, నడుము నుండి కాలిలోకి దిగే నొప్పి – ఇవి ఎట్టి పరిస్థితిలోను సహించదగినవి కావు. సిగ్గుపడి దాచదగినవి కూడా కావు. వెంటనే దిగాలి, కొలతలు చూచుకోవాలి, మరల మరల వస్తే తొక్కడం మాని వైద్యుని సంప్రదించాలి. వేళ్లలో పట్టు తగ్గిన విద్యార్థికి పరీక్ష హాలులో కలం పట్టుకోవడమే కష్టమవుతుందని మరువరాదు.

సంక్షేపంగా చెప్పాలంటే, కండరం ఫిర్యాదు చేస్తే ఓపిక పట్టండి. నరం గాని, కీలు గాని ఫిర్యాదు చేస్తే ఆగండి.

ఆరు వారాల అభ్యాసం

మేము కొందరము కలిసి మొదటి రోజునే మైపాడు పోయివచ్చి, మరునాడు తరగతిలో తల ప్రక్కకు తిప్పలేక, పిలిచిన వారివైపు దేహమంతా తిప్పి చూచిన అనుభవం గలవారము. ఆ అవివేకం తరువాత ఏర్పరచుకున్న క్రమాన్ని ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు అరగంటకు మించరాదు. చేతులు హ్యాండిలు పైభాగంలోనో, బ్రేకులను కప్పి ఉండే రబ్బరు తొడుగులపైనో ఉండాలి. మోచేతులు సడలి ఉండాలి. బిగించిన మోచేయి ప్రతి గతుకునూ భుజానికి చేరవేస్తుంది. ఐదు నిమిషాలకొకసారి చేతి స్థానం మార్చాలి. పెడళ్లను నెమ్మదిగా బలంగా గాక, తేలికగా వేగంగా తిప్పాలి. పాదాలు పెడళ్లను నొక్కే బలమే మొండాన్ని పైకెత్తి, చేతులపై భారాన్ని తగ్గిస్తుంది. తొక్కుతూ క్షణకాలం చేతులను హ్యాండిలు నుండి వేలెడంత పైకి తేల్చి చూడండి. మొండెం ముందుకు కూలకుండా నిలిస్తే భంగిమ సరిగా ఉన్నట్లే. ఈ పరీక్షను జనసంచారం లేని సమతలమైన చోటనే చేయాలి.

మూడు, నాలుగు వారాలలో గంట వరకు పోవచ్చు. హ్యాండిలు కింది వంపును పట్టి ఒకటి రెండు నిమిషాలు తొక్కి, మరల పైకి రావాలి. దీనితోపాటు ఇంటి వద్ద మోచేతులు, కాలివేళ్ల మీద దేహాన్ని పలకలాగా నిలిపే వ్యాయామం అరనిమిషం చొప్పున మూడుసార్లు చేయాలి. ఐదు, ఆరు వారాలలో మైపాడు పోయి రావచ్చు. అప్పటికి బాధ లేకుంటే, కోరిక ఉంటే, హ్యాండిలును అర సెంటీమీటరు దించి రెండు వారాలు చూడాలి. బాధ తిరిగివస్తే మరల పైకెత్తడంలో అవమానమేమీ లేదు.

ఫజర్ నమాజు అనంతరం బయలుదేరితే ఎండ ముదరకముందే ఇల్లు చేరవచ్చు. రంజాన్ ఉపవాస దినాలలో దూరం పెంచే ఆలోచన మానుకొని, ఇంటి వద్ద తేలికపాటి వ్యాయామంతో తృప్తి పడటం మంచిది. దేహం ఒక నెలలో మరచిపోదు.

రహదారిపై

ముందుకు వాలిన భంగిమలో దృష్టి సహజంగా ముందు చక్రం మీదికి పోతుంది. ఇది ప్రాణాపాయకరమైన అలవాటు. మెడ అలసినప్పుడు తల దించి తొక్కడం కన్న, ఆగి రెండు నిమిషాలు నిలబడటం మేలు. వెనుకకు తిరిగి చూచినప్పుడు సైకిలు అదే వైపునకు మళ్లుతుంది. పక్కకు పోకుండా వెనుకకు చూడగలిగే నేర్పు ఖాళీ మైదానంలో సాధించే వరకు 16వ నంబరు జాతీయ రహదారి మీదికి పోరాదు. ముందు బ్రేకును ఒక్కసారిగా నొక్కితే దేహం హ్యాండిలు మీదుగా దొర్లే ప్రమాదం పాత సైకిలులో కన్న ఇందులో అధికం. రెండు బ్రేకులనూ క్రమంగా నొక్కుతూ తుంటిని వెనుకకు జరపాలి. కోతల కాలంలో రోడ్డుపై ఆరబోసిన ధాన్యం సన్నని టైర్లకు ఇసుక వంటిదే.

ముగింపు

వ్యాయామ విద్యపై శ్రద్ధ గల కళాశాల సంఘం వారికి ఒక చిన్న మనవి. ఒక గాలి పంపు, ఒక కొలత టేపు, ఒక జత ఆలెన్ కీలు, ఒక నోటు పుస్తకం – ఇవి సైకిలు స్టాండు వద్ద ఉంచితే చాలు. ప్రతి విద్యార్థి తన కాలి కొలత, సీటు ఎత్తు, హ్యాండిలు ఎత్తు, కలిగిన బాధ, చేసిన మార్పు ఆ పుస్తకంలో వ్రాసిపెడితే, ముందువారి పొరపాటు వెనుకవారికి పాఠమవుతుంది. దీనికయ్యే ఖర్చు స్వల్పం. వసారాలలో దుమ్ము పట్టిన సైకిళ్లు కొన్నయినా మరల రోడ్డెక్కుతాయి.

విద్యార్థి మిత్రులకు చెప్పవలసినది ఒక్కటే మిగిలింది. కొత్త సైకిలును ఇంటికి తెచ్చిన రోజున దూరాన్ని గురించి కాక కొలతలను గురించి ఆలోచించండి. తొక్కిన ప్రతిసారీ ఇంటికి రాగానే మీ పది వేళ్లనూ ఒకసారి ముడిచి తెరచి చూచుకోండి. అవి చెప్పే మాటను వినండి. సముద్రం ఎక్కడికీ పోదు; ఆరు వారాల తరువాత కూడా మైపాడు వద్దనే ఉంటుంది.